మోపెడ్ వెనక కుర్చీ

కృపమ్మకు మొగుడి మీదున్న ఫిర్యాదు చిన్నదే. పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టిన టేకు కుర్చీని, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీని, ఆయన ముప్పై ఏళ్ళపాటు మోపెడ్ వెనక కట్టుకుని ఊళ్ళు తిప్పాడు. పొద్దున్నే మొగుడూ కుర్చీ కలిసి పోయేవాళ్ళు, పొద్దుగూకాక కలిసే వచ్చేవాళ్ళు. మధ్యలో వచ్చిన చుట్టం బియ్యం డబ్బా మీద కూర్చోవాలి. ఇలాంటి సవతి పోరు గురజాల మొత్తంలో ఇంకే ఆడదానికీ లేదని ఆమె వాదన.

ఆ మొగుడు చిన్నప్ప పదిహేడేళ్ళు మిల్ట్రీలో చేసి, సరిహద్దులో మందుపాతర పేలి ఒక కన్ను పోగొట్టుకుని వచ్చాడు. బ్యాంకులో గార్డు ఉద్యోగం ఇస్తామంటే వద్దని కెమెరా కొన్నాడు.

"ఒంటికన్నుతో ఫోటోలేంది?" అని కృపమ్మ నెత్తి కొట్టుకుంది.

"రెండున్నోళ్ళు మాత్రం ఒకటి మూసుకునే తీస్తారు గదే!"

చర్చ అక్కడితో అయిపోయింది, కోపం అయిపోలేదు. మనిషి బతుకంతా వృథా చేసుకున్నాడని ఆమె తీర్పు.

ఆయన పోయి ఏడాదైంది. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక. భార్యగా నాలుగు మాటలు చెప్పమన్నారు పాస్టరుగారు.

"చర్చిలో అబద్ధం ఆడకూడదు, సంవత్సరీకం నాడు నిజం చెప్పకూడదు. నన్నొదిలెయ్యవే," అంది కోడలితో.

కోడలు ప్రియ వాదించలేదు. మామయ్య తీసిన ఫోటో ఉన్నవాళ్ళు వెంట తెచ్చుకోండని చుట్టుపక్కల ఊళ్ళకు కబురు మాత్రం పెట్టింది.

"ఎవరొస్తారే? యాభైమందికి వండిస్తే ఎక్కువ."

పది గంటలకే ఆటోలు బారులు తీరాయి. పాత చీరల్లో, తువ్వాళ్ళలో చుట్టిన పటాలు దిగాయి. గోడల పొడుగునా ఆనించినా చోటు చాల్లేదు. వంటాయన బియ్యానికి రెండోసారి మనిషిని పంపాడు.

కృపమ్మ ఒక్కో పటం చూసుకుంటూ నడిచింది. మిరపకాయలు కోసే ఆడవాళ్ళు, గేదెలు కాసేవాళ్ళు, రాళ్ళు కొట్టేవాళ్ళు, పక్కింటి హజ్రా బీ వాళ్ళమ్మ. అందరూ ఆమె కుర్చీలోనే. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెట్టుకుని, తలెత్తుకుని, కలెక్టర్లలాగా. వందల మందిలో తలొంచుకున్నవాడు ఒక్కడూ లేడు.

పాలేరు పని చేసి ముసలాడైన బ్రహ్మయ్య తన పటం దగ్గర నిలబడి ఉన్నాడు.

"పొలంలో తీశాడు వదినా. కుర్చీ ఎక్కమంటే వణికిపోయా. 'ఆసామి వస్తన్నాడన్నా, లేస్తా' అన్నా. 'లేవమాక' అన్నాడు. ఆసామి వచ్చి నిలబడ్డాడు. మిల్ట్రీ అన్న కెమెరా పట్టుకుని నా ముందు బురదలో మోకాళ్ళేశాడు. నేనొక్కణ్ణే కూర్చునున్నా. అట్టా కూర్చోడం నా జన్మలో అదే మొదలు."

"ఆసామి ఏమన్నాడు?"

"ఫోటో అయిందాకా చూసి పోయాడు. చానా బాగుండింది వదినా."

"ముప్పై ఏళ్ళలో నాతో ఒక్క ముక్క చెప్పలేదే!"

"మాకు చెప్పేవాడు గదా. 'మా ఇంటిదాని కుర్చీ రా, కుదురుగా కూర్చో' అని."

పాస్టరుగారు ప్రార్థన ముగించేసరికి కృపమ్మ మైకు దగ్గరుంది. ఎవరూ పిలవలేదు. చర్చి నిండా జనం, గోడల నిండా జనం, అందరూ ఆమెనే చూస్తున్నారు. పవిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్ళీ తీసేసింది.

"ఈయన బతుకు వృథా చేసుకున్నాడని ముప్పై ఏళ్ళు ఊరంతా చెప్పుకు తిరిగా," అంది. "నేను పొరబడ్డా. తప్పు నాదే."