నునుపు రాళ్ల మోజు

బెల్టు మీద రాళ్లు వస్తూనే ఉన్నాయి, తారుడబ్బా మీద గోనెసంచి మడతేసుకుని కూర్చున్న హనుమమ్మ చేయి ఆడుతూనే ఉంది. పలకలా ఉన్నదాన్ని తీసి వెనక్కి విసురుతుంది. మూలలు తేలి గరుకుగా ఉన్నదాన్ని పోనిస్తుంది. సిమెంటు దుమ్ముకు కనుబొమలు తెల్లబడ్డాయి, నోట్లో ఆకువక్క మాత్రం ఎర్రగా నలుగుతోంది. సిరుగుప్ప దారిలోని ఆ ప్లాంటులో పడగొట్టిన పాత వంతెనలు మళ్లీ కంకరై, తారు పూసుకుని రోడ్డెక్కుతాయి. మంచీ చెడ్డా ఏరేది బెల్టు పక్కన కూర్చునే ఆడవాళ్లే.

మోకాళ్లు ఇక ఒప్పుకోవడం లేదు. ఇవాళ్టితో పని మానేసి సాయంత్రం కెంచనగుడ్డకు, చెల్లెలింటికి పోతోంది హనుమమ్మ. సంతోషంగా పోవాల్సిన మనిషే గానీ, పొద్దుటినుంచీ చూపంతా ప్లాంటు ల్యాబు వైపే. పోయిన వారం అక్కడ కంకర పరీక్ష తప్పింది ఆమె వల్లే.

పలక రాయి లారీ బరువుకు విరుగుతుంది, తీసెయ్యమని ల్యాబు చూసే వినూత చెప్పింది. హనుమమ్మ తీసేసింది. ఏట్లో దొర్లి నున్నబడిన గుండ్రాళ్లను మాత్రం మురిపెంగా పోనిచ్చింది. పాత వంతెనల కాంక్రీటులో అవి బోలెడు. ఏటి ఒడ్డున పుట్టిన మనిషాయె, నున్నటి రాయి కనబడితే చెంపకు ఆనించుకునే రకం. పలక చెడ్డదైతే గుండు మంచిదే కదా అనుకుంది. తీరా తారు కలిపిన దిమ్మను వేడినీళ్లలో ఉంచి యంత్రం కింద నొక్కితే, అది హల్వాలా కూలబడింది.

"గోలీల మింద నిలబడితే జారిపోమా అక్కా? మూలలుంటేనే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. నాదీ తప్పే, పలకల సంగతే చెప్తి" అని ఆ రోజు వినూత నవ్వేసింది.

అప్పటినుంచీ గుండ్రాళ్లనూ ఏరి పారేస్తోంది హనుమమ్మ. ఆ కంకరకు మళ్లీ పరీక్ష ఇవాళే. ఇదీ తప్పితే పాత రాళ్లు వద్దంటారు, బెల్టు ఆపేస్తారు. ఏరే ఆడవాళ్లందరూ ఇంటిదారి పట్టాల్సిందే. మధ్యాహ్నం బుత్తి మూట విప్పిన హనుమమ్మ, రొట్టె ముట్టకుండానే మళ్లీ కట్టేసింది.

"ఏందక్కా, పెండ్లికూతురు మాదిరి ల్యాబు పక్కే చూస్తాండావు?" అంది పక్కనే ఏరే సుబ్బరత్నమ్మ.

"నోర్ముయ్యే. నా మోజుకు మీ కూడు పోతే, యాడ పెట్టుకోవాల నా మొగం?"

పొద్దు వాలేవేళ వినూత ల్యాబులోంచి పరుగెత్తుకొచ్చింది. చేతుల నిండా తారు మసి. "నిల్చింది హనుమమ్మక్కా! యంత్రం ముల్లు పైకి పోతానే ఉండాది, దిమ్మ కదల్లేదు. బెల్టు ఆపరు!"

హనుమమ్మ గంతెయ్యబోయి మోకాలు పట్టుకుంది. అందరూ పగలబడి నవ్వారు. ఆమెకు నవ్వుతో పాటు ఏడుపూ వచ్చింది, దాచుకోలేదు. వేడి తారు కంకర లోడుతో కెంచనగుడ్డ వైపు పోయే లారీ హారను కొట్టింది. డ్రైవరు శివప్ప చేయందిస్తే క్యాబిన్ ఎక్కి కూర్చుంది.

"సొల్ప మెల్లగ తోలప్పా. వెనకుండేది నేను ఏరిన రాళ్లు."

మర్నాడు బెల్టు కదిలింది. సుబ్బరత్నమ్మ చేతికి ఒక రాయి వచ్చింది. ఒక పక్క నున్నగా ఉంది, ఇంకో పక్క విరిగి గరుకుగా ఉంది.

"ఇది ఉండల్లా, పోవల్లా అక్కా?" అంటూ అలవాటుగా పక్కకు తిరిగింది.

పక్కన ఖాళీ తారుడబ్బా మీద, నడుమ గుంటపడిన గోనెసంచి మడత అలాగే ఉంది.