ఇంటికో గుప్పెడు పిండి

బుచ్చవ్వ కంచు గిన్నెను చింతపండుతో తోమి, కొంగుతో తుడిచి, లోపల వేలు రాసి చూసుకుంది. పొద్దున్నుంచీ బీడీలు చుట్టిన వేళ్లు. అందుకే గిన్నె కంటే ముందు చేతులనే తోముకుంది. గోళ్ల చుట్టూ ఉన్న తంబాకు మరక మాత్రం పోలేదు. అది పెళ్లయిన కొత్తలో పట్టిన మరక.

రేపు బల్ల ఆదివారం. కోరుట్ల శివారులోని ఆ చిన్న చర్చిలో నెలకోసారి ప్రభువు రొట్టె విరిచే రోజు. ఆ రొట్టె కోసం శనివారం ఇల్లిల్లూ తిరిగి గుప్పెడు గోధుమపిండి తేవడం బుచ్చవ్వ పని. అంతకుముందు ఆమె అత్త పని. మాలవాడ, మాదిగవాడ ఒకరి చేతి రొట్టె ఒకరు ముట్టని రోజుల్లో పాత పాస్టరు ఒకాయన పెట్టిన పద్ధతి అది. పిండంతా ఒకే గిన్నెలో పడ్డాక ఇది నాది, అది నీది అని ఏ మొనగాడు ఏరగలడు? తర్వాత నేతపని చేసే పద్మశాలీలు కొందరు చర్చికి వస్తే, వాళ్ల పిండీ అందులోనే పడింది.

మాదిగవాడలో తన వాళ్ల ఇళ్లు ముగించుకుని ఊర్మిల వాకిట్లోకి వెళ్లింది. ఊర్మిల వాళ్లు సిరిసిల్ల నుంచి వచ్చిన నేతవాళ్లు. ఆమె ఎప్పటిలాగే గుప్పెడు అని రెండు దోసిళ్లు పోసింది.

"దగ్గు తగ్గలేదా అక్కా?"

"అదేడికి వోతది, నాతోనే ఉంటది" అని బుచ్చవ్వ నవ్వి ముందుకు నడిచింది.

మాలవాడలో కృపారాణి గేటు తీయలేదు. భర్త మస్కట్ వెళ్లాక వేయించిన గేటు అది. ఊచల అవతలి నుంచే మాట్లాడింది.

"ఇగ పిండి అద్దు బుచ్చవ్వా. పట్నంకెల్లి రొట్టె బిళ్లలు తెప్పిచ్చినం. ఒక్కొక్కటి కవర్ల సుట్టి అస్తది. నీటుగుంటది."

"ఎవలనడిగి తెప్పిచ్చిన్రు?"

"చర్చి కమిటీల అనుకున్నం. మీ నర్సింగం గూడ చెయ్యి లేపిండు."

నీటు! కరోనాతో వచ్చిన మాట. రోగం పోయింది, మాట మిగిలింది. పిండిలో ఏ వాడ చెయ్యి పడిందోనని ఇప్పుడు ఈమెకు పట్టింపు. హోటల్లో తన తల్లికి వేరే గ్లాసు పెట్టినవాళ్లను ఈనాటికీ శాపనార్థాలు పెట్టే కృపారాణే ఈమె. ఆ గ్లాసును ఇప్పుడు తనే ఇంకొకరి ముందు పెడుతోంది. బుచ్చవ్వకు ఒళ్లు మండిపోయింది.

నర్సింగం ఆమె మరిది, చనిపోయిన భర్తకు తమ్ముడు. ఆమె వెళ్లేసరికి మంచం మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు.

"నువ్వు గూడ లేపినవారా చెయ్యి?"

"ఏం జేయాలె వదినె? లేకుంటే వేరే చర్చి పెట్టుకుంటమని మాలవాడోళ్లన్నరు. అందరం కలిసుండాలంటే మనం గింత తగ్గాలె."

"ఎవల తునక వాళ్లకు కవర్ల సుట్టిచ్చి కలిసుంటమంటవా? ఎప్పుడు జూసినా మనమే తగ్గాలెనా? సిగ్గు లేదు?"

నర్సింగం మళ్లీ ఫోనులోకి చూశాడు. ఎదురు తిరిగి అరిచినా ఆమెకు ఇంత కోపం వచ్చేది కాదు.

ఇంటికొచ్చి సగం గిన్నె పిండినే పిసికింది. కోపమంతా పిండి మీద చూపించింది. ఉప్పు లేదు, నూనె లేదు, పొంగే సరుకు లేదు. గుండ్రంగా ఒత్తి, పెనం మీద కాల్చి, తెల్లగుడ్డలో చుట్టి పొయ్యి గట్టున పెట్టింది.

"రేపు నేనే తీస్కపోయి బల్ల మీద పెడత. ఎవలు తీస్తరో తియ్యమను" అంది, పొయ్యితోనే.

కార్ఖానాకు ఇవ్వాల్సిన బీడీలు ఇంకా మిగిలే ఉన్నాయి. గోడకు ఆనుకుని, చాట ఒళ్లో పెట్టుకుని ఆకు తీసుకుంది. దగ్గు వచ్చింది. ఛాతీ మీద చెయ్యి వేసుకుని కాసేపు ఆగింది.

బిళ్లల సంగతి తెలిసి పొద్దుగూకే వేళకు ఊర్మిల పరుగున వచ్చేసరికి చాట ఒళ్లోనే ఉంది. వేళ్ల మధ్య సగం చుట్టిన బీడీ ఉంది. బుచ్చవ్వ లేదు.

ఆదివారం పొద్దున్నే మట్టి చేశారు. మూడు వాడల వాళ్లూ వచ్చారు, ఏడ్చారు కూడా. ఇంటికి తిరిగొచ్చి అందరూ చర్చికి కదులుతుండగా ఊర్మిల పొయ్యి గట్టు మీది ఆ తెల్లగుడ్డ మూట చేతిలోకి తీసుకుంది.

"అక్క చేసిన రొట్టె. గిదే బల్ల మీద పెడుదం."

"సావు జరిగిన ఇంట్ల రొట్టెనా? మైల గాదా?" అంది కృపారాణి.

"మైల, అంటు అన్నీ ఇడిసిపెట్టే గదా, మా అత్తగారోళ్లతోని తిట్లు వడి ఈడికచ్చిన. మళ్ల మీరే నాకు నేర్పుతున్నరా?"

నర్సింగమే ముందుకొచ్చి మూటను ఆమె చేతుల్లోంచి తీసి గట్టు మీద పెట్టాడు. "ఇయ్యాల లొల్లి అద్దమ్మా" అన్నాడు.

చర్చిలో పాస్టరు గారు ఒకే రొట్టె, ఒకే శరీరం అని బోధించారు. బుచ్చవ్వను తలచుకుని కళ్లు తుడుచుకున్నారు. సంఘం ఆమెన్ అంది. ఆ తర్వాత ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కవర్లు చింపుతున్న చప్పుడు.

ఊర్మిల తన బిళ్లను చింపకుండా బల్ల మీదే వదిలి బయటికి నడిచింది. ఆమె వెళ్లేసరికి బుచ్చవ్వ ఇంటి తలుపు తీసే ఉంది. లోపల పొయ్యి గట్టున, తెల్లగుడ్డలో, ఎవరూ విరవని రొట్టె.