మబ్రూకా కొమ్ములు ఒప్పుకోని కూలి

ఆలివ్ కోతల రోజుల్లో మబ్రూకా తెల్లారకముందే లేచి, రొట్టెకి హరీసా కారం రాసుకుని తిని, వేళ్లకి మేకకొమ్ములు తొడుక్కునేది. వాటితో రెమ్మల్ని దువ్వితే కాయలు జలజలా రాలతాయి. కైరవాన్ పట్నం వైపు ఆడకూలీలందరికీ అవే పనిముట్లు. మబ్రూకావి మాత్రం కూలి నచ్చకపోతే వేళ్లకి పట్టవు. ఊళ్లో అదేం వింత కాదు. కొందరి గాడిదలు మొండివి, ఈమె కొమ్ములు మొండివి.

ఆ రోజు పట్టలేదు.

"పద్నాలుగు దీనార్లు. అందులో నాలుగు బండి కిరాయి," అన్నాడు మేస్త్రీ మోంజీ, ట్రక్కు దిగకుండానే.

కింద నిచ్చెన పట్టుకునే మగాడికి ఇరవై అయిదు. పైకెక్కే ఆడదానికి ఇది. మబ్రూకాకి ఒళ్లు మండిపోయింది.

"నా కొమ్ములు రామంటున్నాయి."

"అయితే నువ్వూ రాకు. ఈ ఏడాది కోతల్లో నీకిక చోటు లేదు."

"సబ్బు రాసి దూర్చెయ్యవే అక్కా! చలికాలమంతా పిల్లలకేం పెడతావ్?" ట్రక్కులోంచి తోటి కూలి వర్దా అరిచింది.

మబ్రూకా రాసింది. వేళ్లు కందిపోయాయి గానీ కొమ్ములు దిగలేదు.

మోంజీ పకపకా నవ్వుతూ దిగాడు. "ఏవీ, ఇటివ్వు మహారాణీ!" లాక్కుని తన వేళ్లకి తొడుక్కుని ఆడించాడు. కొలిచి చేసినట్టు పట్టాయి. ఎంత లాగినా ఊడలేదు. అరచేతులతో స్టీరింగు తిప్పుకుంటూ, తిట్టుకుంటూ పోయాడు.

గులాబీరంగు ఆకాశం కింద మబ్రూకా ఒక్కతే మిగిలింది. ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువ కోపమొచ్చి, ఏడవడం మానేసింది.

తోట యజమాని హాజీ, మోంజీ చేతులకున్న కొమ్ములు చూశాడు. "కొమ్ములున్నవాళ్లు చెట్టెక్కాలి," అన్నాడు. సాయంత్రం కొమ్ములవాళ్ల కూలే ఇచ్చాడు, కిరాయి పట్టుకుని.

మర్నాడు ట్రక్కు కదల్లేదు. హాజీ కారేసుకుని ఊళ్లోకే వచ్చాడు. మోంజీ గుమ్మంలో, ఊడని కొమ్ముల చేతులతోనే నడుం పట్టుకుని కూర్చునున్నాడు.

"ఆ డబ్బుకి ఎవడొస్తాడు హాజీ? ఒళ్లు హూనమైపోయింది!"

వీధి వీధంతా విన్నది. మబ్రూకా వెళ్లి కారుకి అడ్డంగా నిలబడింది.

"విన్నారా హాజీ? ఇన్నేళ్లూ మేం మొత్తుకుంటే చెవికెక్కలేదు. మగగొంతు చెప్తే ఎక్కిందా? ఇరవై అయిదు. బండి కిరాయి మీరే పెట్టుకోవాలి."

"అవతల కాయలు నేలపాలవుతున్నాయే!"

"అవనివ్వండి."

వర్దా వచ్చి ఆమె పక్కన నిలబడింది. మిగతావాళ్లూ వచ్చారు. పొద్దెక్కుతోంది. హాజీ చెమట తుడుచుకున్నాడు.

"సరే, ఎక్కండి."

"ఎంతకి?"

"ఇరవై అయిదు," గొణిగాడు.

"గట్టిగా చెప్పండి. వెనకున్నవాళ్లకి వినపడలేదు."