కుడివైపు సొట్ట

2005 జనవరిలో, అరబ్బు దేశంలో ముసఫ్ఫా అనే ఊళ్లోని మా గ్యారేజీకి ఒక పాత పందెం కారు వచ్చింది. ఇటలీలో తొలినాళ్లలో కార్లు తయారుచేసిన వల్‌బ్రూనా అన్నదమ్ములది. వాళ్లలో చిన్నవాడు ఎలియో ఆ కార్లను పందేల్లో నడిపేవాడు. 1907లో ఒక కొండదారిలో ఇదే కారులో రాతిస్తంభానికి గుద్దుకుని చనిపోయాడు. అప్పటికి ఇరవై మూడేళ్లు. బానెట్ కుడివైపు రేకులో దోసిలంత సొట్ట మిగిలింది.

కారును ఒక అరబ్బు పెద్దాయన వేలంలో కొన్నాడు. ఎలియో అన్న కూతురికి ఎనభై నాలుగేళ్లు. చూడటానికి వస్తున్నానని, సొట్ట మాత్రం ముట్టుకోవద్దని ఆవిడ మా మేనేజరుకు ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం సంగతి అప్పటికి నాకు తెలియదు.

ఆఫీసులో పని వివరాలు రాయడం నా ఉద్యోగం. సొట్టలు తీసే మేస్త్రీ ఆదిశేషుగారు రాజోలు మనిషి. ఇంగ్లీషు చదవలేరు కాబట్టి ఆయనకు తెలుగులో చీటీ రాసిచ్చేదాన్ని. మా మేనేజరు, ఇక్కడి మాటలో ముదీర్, ఖాదర్ హుస్సేన్ గారిది హైదరాబాదు. ఇరవై ఏళ్లుగా ఇక్కడుండి అన్నిటికీ ఖలాస్ అనేవారు. టీ అయిపోయినా ఖలాస్, గొడవ వదిలేయమన్నా ఖలాస్. నేను వచ్చి రెండు నెలలే.

ఆ రోజు ఆయన దుబాయ్ నుంచి ఫోన్ చేశారు.

"సంతోషకుమారీ, వో ఇటలీ గాడీ హై నా, రైట్ సైడ్ సొట్ట ఖలాస్. ఆదిశేషుకు చెప్పు."

ఆయన అన్నది దాన్ని వదిలేయమని. నేను పని పూర్తి చేయమన్నారనుకున్నాను. మళ్లీ అడగడానికి మొహమాటపడి, "కుడివైపు సొట్ట పూర్తిగా తీసేయాలి" అని రాసిచ్చాను.

"నూరేళ్ల సొట్టా! ఇన్నాళ్లూ ఎవడికీ చేతకాలేదేటి?" అని నవ్వారు ఆదిశేషుగారు. "ఉండు సంతోషమ్మా, నీ పెళ్లికి ఇందులోనే ఊరేగుదువుగాని."

నాలుగు రోజులు పట్టింది. వెనక చెక్కదిమ్మ ఆనించి, చిన్న సుత్తితో, మధ్యమధ్య అరచేత్తో తడిమి చూసుకుంటూ కొట్టారు. అంత నున్నటి పని నేను చూడలేదు.

తరవాతి వారం ఎలియో అన్న కూతురు వచ్చింది. నేరుగా కుడివైపుకు వెళ్లి రేకు మీద చెయ్యి వేసింది. అటూ ఇటూ జరిపింది. తానే పొరబడిందేమో అన్నట్టు కర్ర పట్టుకుని చుట్టూ తిరిగి ఎడమ రేకు కూడా తడిమింది.

"కిస్నే కియా? ఎవడు తీశాడు? వదిలేయమన్నా కదా!" అని అరిచారు ముదీర్.

"నేనే సాబ్. చూసి ఆగలేకపోయాను" అన్నారు ఆదిశేషుగారు.

"కాదు, నేనే తప్పు రాశాను" అన్నాను. వచ్చిన ఇంగ్లీషులో ఆవిడకూ చెప్పాను.

ఆవిడ పిడికిలి బిగించి చూపించింది. చిన్నప్పుడు వాళ్ల నాన్న దాన్నే ఆ సొట్టలో పెట్టి, మీ బాబాయి ఇక్కడున్నాడు అనేవాడట. ఎలియోది ఒక్క ఫోటో కూడా లేదట.

"మళ్లీ కొట్టగలడా?" అని అడిగింది. ఆ మాట ఆదిశేషుగారికి తెలుగులో చెప్పాను.

"కొట్టొచ్చు. కానీ అది నా సొట్ట అవుద్దమ్మా. ఆయనది అవదు."

ఆదిశేషుగారు సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి ఆవిడ వేలు పట్టుకున్నారు. నున్నటి రేకు మీద మెల్లగా నడిపించారు. "ఇక్కడ మొదలు. ఇక్కడ లోతు. ఇదిగో, ఇక్కడ రేకు కొంచెం మడతపడింది."

ఆవిడ కళ్లు మూసుకుని తానే గీయబోయి దారి తప్పింది. ఆయన మళ్లీ చూపించారు. మళ్లీ తప్పింది.

నాలుగోసారికి ఆయన వేలు కూడా మధ్యలో ఆగి, దారి వెతుక్కుంది.