వెర్నా బండికి పట్టిన జబ్బు

శనివారం పొద్దున్నే కాఫీ తాగి, రబ్బరు బూట్లు తొడుక్కుని, షెడ్డు తలుపు తీసి గడ్డి కోసే బండి ఎక్కడం వెర్నా టోలెఫ్‌సన్‌కి అలవాటు. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. చేతిలో స్టీరింగు లేకపోతే ఆమెకి తోచదు. ఆ శనివారం మాత్రం తలుపు తీయగానే వెనక్కి తగ్గి, మోచేతిని ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

తన దగ్గర అరువు పుచ్చుకుని నెలంతా తిప్పిన బండిని చెల్లెలు ఆర్డిస్ మొగుడు రోలీ రాత్రెప్పుడో తెచ్చి పడేసి పోయాడు. నమిలి ఉమ్మిన పొగాకు రసం సీటు మీద చారలు కట్టి ఎండిపోయింది. కాళ్ళు పెట్టుకునేచోట పొద్దుతిరుగుడు గింజల పొట్టు ఎంగిలి తడికి అంటుకుపోయింది. కప్పు పెట్టే గుంటలో సగం కొరికిన సాసేజ్, దాన్నిండా చీమలు. బ్లేళ్ళ మీది రేకు కింద తడిగడ్డి ముద్దలుగా కుళ్ళి, అందులో తెల్లటి పురుగులు లుకలుకలాడుతున్నాయి.

“ఛీ! పందుల దొడ్డి నయం,” అంది వెర్నా.

సీటు మీద గోనెసంచి పరిచి, దాని చివర కూర్చుని తాళం తిప్పింది. బండి అందుకుంది. షెడ్డు దాటి మిట్ట ఎక్కబోయేసరికి ఇంజను ఒక దెబ్బ తప్పింది, తడబడింది, మళ్ళీ కొట్టుకుంది, సగం ఎత్తులో టక్కున ఆగిపోయింది. కాసేపాగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు కదిలింది.

పెట్రోల్లో నీళ్ళు కలిశాయేమో అనుకుంది. గొట్టం ఊడదీసి సీసాలోకి వంచితే అడుగున నీళ్ళు తేరుకున్నాయి, పాచి కంపు గుప్పుమంది. అదంతా వంపేసి కొత్త పెట్రోలు పోసింది. మళ్ళీ మిట్ట మీద ఆగింది. ఎయిర్ ఫిల్టర్ విప్పితే జిడ్డూ నూగూ కలిసి చచ్చిన ఎలకలా ఉంది. మార్చింది. మసిపట్టిన స్పార్క్ ప్లగ్ తీసి కొత్తది బిగించింది. కార్బురేటర్ కడిగింది. ట్యాంకు మూతలో గాలి కన్నం పూడుకుపోయినా ఇలాగే ఆగుతుంది కాబట్టి మూత వదులు చేసి కూడా నడిపి చూసింది. ఒక దెబ్బ తప్పడం, తడబడడం, మిట్ట మీద ఆగడం.

చేతులు తుడుచుకుని, బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. జబ్బు బండిలో లేదంటే మనిషిలో ఉందన్నమాట.

అమెరికాలో మిన్నెసోటా సరస్సుల వైపు బండి మీద ఎవరెక్కువగా కూర్చుంటే వాళ్ళ జబ్బు దానికి పట్టడం మామూలే. పాస్టరుగారి బండి ఆగస్టు పొడుగునా తుమ్మేది. పక్కింటి ఇన్‌గ్రిడ్‌కి వేవిళ్ళప్పుడు ఆవిడ బండి రోజూ పొద్దున్నే పెట్రోలు కక్కేది. ఆవిడ గుడ్డతో తుడిచి తన పని చూసుకునేది.

అయితే ఇది దెబ్బ తప్పే గుండె. ఎత్తెక్కితే ఆగే రోలీ గుండె.

అతనికి చెప్పకపోతే?

ముప్పై ఏళ్ళుగా ఆర్డిస్ ఆ మనిషి ఉమ్మిన కప్పులు కడుగుతోంది. తనిప్పుడు ఒక్క మాట మింగేస్తే చెల్లెలొచ్చి తనింటి పై గదిలో ఉంటుంది. బల్ల మీద తెల్లటి గుడ్డ ఉంటుంది. ఆ గది కిటికీకి ఏ రంగు తెర బాగుంటుందో కూడా ఆలోచించేసింది వెర్నా. నీలం అనుకున్నాక ఉలిక్కిపడింది. షెడ్డులోని కంపంతా తన నోట్లోంచే వస్తున్నట్టు అనిపించింది. లేచి, వాకిట్లో తుపుక్కున ఉమ్మి, బండిని పికప్ వెనక తగిలించిన ట్రాలీ మీదికి ఎక్కించి రోలీ ఇంటికి తోలింది.

రోలీ చొక్కా లేకుండా వసారాలో కూర్చుని కాలిగోళ్ళు తీసుకుంటున్నాడు. పక్కనే పళ్ళెంలో శాండ్‌విచ్. ఒక గోరు ఎగిరి అందులోనే పడింది.

“ఏమయ్యా, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?”

“పలకరింపైనా లేదేంటి వదినా! బండి బాగా నడిచిందా?”

“బండి సంగతి తర్వాత. కళ్ళు తిరుగుతున్నాయా?”

“ఎండ కదా,” అని త్రేన్చాడు. “ఆర్డిస్, మీ అక్కకి నా మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చిందే!”

ఆర్డిస్ తలుపు దగ్గరికొచ్చింది. “నిన్న స్నానాల గదిలో పడిపోయాడక్కా. జారానన్నాడు. నేల పొడిగానే ఉంది.”

వెర్నా ట్రాలీ మీదే బండి స్టార్ట్ చేసింది. రోలీ మణికట్టుని రెండు వేళ్ళతో పట్టుకుని లాక్కొచ్చి, ఆ జిడ్డు చేతిని ఇంజను మూత మీద పెట్టించింది. “రెండోది నీ గుండె మీద పెట్టుకో.”

రెండు చేతుల కిందా ఒకటే చప్పుడు. రెండు చోట్లా ఒకేసారి దెబ్బ తప్పింది. నవ్వు అలాగే ఉండగా రోలీ మొహంలో రంగు పోయింది.

“వదినా, ఇది నాదా?”

“నాదైతే కాస్త శుభ్రంగా ఉండేది. పికప్ ఎక్కు.”

“ఆ శాండ్‌విచ్ ఒక్కటీ...”

“ఎక్కు! లేకపోతే దాన్ని చర్చి నేలమాళిగలో నీ చావుభోజనానికి వడ్డిస్తా.”

దారిలో రోలీ వెర్నా బూట్ల మీద కక్కాడు. వెర్నా కిటికీ అద్దం దించి, అతన్నీ, అతని పొగాకునీ, అతన్ని కన్నవాళ్ళనీ తిడుతూ, బండి వేగం మాత్రం తగ్గించలేదు. ఆసుపత్రి గుమ్మంలో అతను కుప్పకూలితే అక్కడివాళ్ళు స్ట్రెచర్ మీద లోపలికి తోసుకుపోయారు. గుండెకి అందాల్సిన కరెంటు తెగి తెగి అందుతోందని చెప్పి, ఆ సాయంత్రమే ఛాతీలో పేస్‌మేకర్ పెట్టారు. ఇంట్లో ఉండగా ఆగి ఉంటే మళ్ళీ కొట్టుకునేది కాదన్నారు.

రోలీ బతికాడు కానీ మారలేదు. కళ్ళు తెరుస్తూనే ఉమ్మడానికి కప్పడిగాడు. కప్పు పట్టుకున్న ఆర్డిస్ తన చేతిరుమాలుతో అతని గడ్డం తుడుస్తూ ఏడ్చింది. వెర్నా మొహం తిప్పుకుంది.

డాక్టరు సరేనన్నాక వచ్చిన మొదటి శనివారం వెర్నాయే బండిని వాళ్ళింటికి తీసుకెళ్ళి దింపింది.

“కూర్చుని మీ గడ్డి కొయ్యి.”

“నేనడగలేదే వదినా!”

“నోరు మూసుకుని కొయ్యి. ఉమ్మావో, చూడు.”

ఉమ్మాడు. సీటు మీదా, స్టీరింగు మీదా, ఒకసారి గాలికి తన చొక్కా మీదే ఉమ్ముకున్నాడు. సాయంత్రం ఆ బండిని తన షెడ్డులోకి చేర్చాక వెర్నా సబ్బునీళ్ళ బకెట్ పక్కన పెట్టి, ఇంజను స్టార్ట్ చేసి, వంగి, ఇంకా వెచ్చగా ఉన్న మూతకి చెవి ఆనించింది. జిడ్డు చెంపకంటుకుంది. ఇంజను ఎక్కడా తప్పకుండా కొట్టుకుంటోంది. తనివితీరా విని, ఆపి, అప్పుడు తిట్టడం మొదలుపెట్టింది.