చొక్కా మొత్తం

పన్నెండేళ్లుగా చొక్కాల ఫ్యాక్టరీలో పనిచేస్తున్న జేబులమ్మకు చొక్కా కుట్టడం రాదు.

ఈ సంగతి ఒక ఆదివారం దాకా ఆమెకే తెలియదు. ఆమె పని జేబులు అతకడం. ఎడమ వైపు ఒక జేబు, గంటకు అరవై. పక్క మిషన్ మీద కాలరక్క కాలర్లు కుడుతుంది. ఆ వెనక చేతులమ్మ చేతులు ఎక్కిస్తుంది. చివర బల్ల దగ్గర గుండీల పెద్దమ్మ. అసలు పేర్లు హాజరు పుస్తకంలో ఉంటాయి గాని, లైన్లో ఎవరు ఏది కుడితే అదే వాళ్ల పేరు. కోపం వస్తే జేబులమ్మను మొగుడు కూడా అలాగే పిలుస్తాడు.

సరుకు అడిగేవాళ్లు తగ్గిపోయారు. ముందు ఓవర్‌టైం పోయింది. తర్వాత రెండో షిఫ్టు పోయింది. ఆపైన మేడమీది గదికి తాళం పడింది. అక్కడి మిషన్లను గోనెపట్టాల్లో చుట్టి మెట్ల మీదుగా దించుతుంటే, కింద అందరూ తలెత్తకుండా కుట్టుకుంటూ కూర్చున్నారు. మొగుడు వ్యాను నడిపే కంపెనీ అయితే వ్యాన్లనే అమ్మేసింది. ఆయన నాలుగు నెలలుగా ఒక తెల్లచొక్కా ఇస్త్రీ చేసి మేకుకు తగిలించి, ఎవరైనా పనికి పిలుస్తారేమోనని ఫోను వంక చూస్తున్నాడు.

అలాంటి రోజుల్లో, ఊరవతల యూనిఫారాలు కుట్టేచోట ఒక మనిషి కావాలని తెలిసింది. ఒక్కరే. చిన్న చోటు గాని, ఆస్పత్రులకూ బడులకూ కుట్టేది కాబట్టి పని ఆగదట. పై వారం గురువారం పొద్దున పరీక్ష. కత్తిరించిన ముక్కలు ఇస్తారు, రెండు గంటల్లో చొక్కా మొత్తం కుట్టి చూపించాలి.

"పన్నెండేళ్ల సర్వీసు నాది. రెండు గంటలెందుకు, ఒకటి చాలు," అంది ఇంట్లో.

అని, ఎందుకైనా మంచిదని ఆదివారం అత్తగారి పాత తొక్కుడు మిషన్ ముందు కూర్చుంది. చేతికందిన చొక్కా ఒకటి నమూనాకని కుట్లు విప్పింది. విప్పడం చిటికెలో అయింది. తిరిగి కుట్టబోతే జేబు దాకా బాగానే ఉంది. ఆ తర్వాత చెయ్యి ఎటు తిప్పినా చంకలో ఇమడదు. కాలరు ఒక చెవి లేచి, ఒక చెవి వాలి కూర్చుంది. మధ్యాహ్నం దాటేసరికి ఒళ్లో గుడ్డముక్కల కుప్ప, ఒంటి నిండా చెమట.

మొగుడు వచ్చి చూశాడు. "ఏమిటే ఇది?"

"చొక్కా."

"ఎవరిది?"

ఆమె గోడ వంక చూసింది. మేకు మాత్రమే ఉంది.

"ఉన్నది ఒక్క మంచి చొక్కా! రేపు ఎవరైనా రమ్మంటే జేబు ఒక్కటీ తగిలించుకుని పోనా?"

"పోరా నాయనా," అంది అత్తగారు మంచం మీంచి. "జేబైతే ఊడదు. దాని చేతిపని అది."

ముగ్గురూ నవ్వారు. జేబులమ్మ నవ్వుతూనే ముక్కలు ఏరుకుంది. ఇన్నేళ్లూ పని వచ్చుననుకుంది. వచ్చింది చొక్కాలో జానెడు గుడ్డ. ఫ్యాక్టరీ గేటు దాటితే ఆ జానెడు ఎవరికి కావాలి? ఇంకా పది రోజులున్నాయి.

మర్నాడు ముక్కలన్నీ సంచిలో వేసుకుని పనికి పోయింది. భోజనాల గంటలో కాలరక్క పక్కన చేరింది.

"నీకెందుకే కాలరు?"

"మా ఆయన చొక్కా తగలేశానక్కా. నువ్వే నేర్పాలి."

అబద్ధం కాదు. అలాగని మొత్తం నిజమూ కాదు. అక్కడ కావలసింది ఒక్కరే మరి.

"మూలను కత్తెరతో పొడుస్తావేంటే, పుండు గెలికినట్టు? లోపల దారం పెట్టి కుట్టు. తిప్పేటప్పుడు ఆ దారం పట్టుకుని లాగు. చూశావా, ఎలా నిక్కిందో!"

"చెయ్యిని లాగొద్దమ్మా, బుజ్జగించాలి," అంది చేతులమ్మ. "అది చంకకంటే కాస్త పెద్దగానే ఉంటుంది. మిగిలింది వేళ్లతో సర్దుకుంటూ పో."

"మొగుడంటే ఇంత ప్రేమేంటే తల్లీ," అంది గుండీల పెద్దమ్మ. "మా ఆయన చొక్కా చిరిగితే ఆ పూటే దాంతో గచ్చు తుడిచేస్తాను నేను."

నాలుగో రోజు భోజనాల గంటలో కాలరు కుడుతుంటే వెనక నీడ పడింది. సూపర్‌వైజర్. బయట పని వెతుకుతున్నారని తెలిస్తే వాళ్ల పేరే ముందు కొట్టేస్తారని లైన్లో అందరికీ తెలుసు. ఆమె కాలు పెడల్ మీదే బిగుసుకుపోయింది.

"కాలరు కూడా వచ్చా నీకు?" అన్నాడాయన.

"ఏదో కాస్త సార్."

"చేతులమ్మ పిల్లకు జ్వరమని ఇంటికి పోయింది. ఈ పూట ఆ మిషన్ మీద కూర్చో."

బతికాననుకుంది. పైగా ఫ్యాక్టరీ గుడ్డ మీదే చెయ్యి తిరుగుతోంది కదా అని లోలోపల మురిసిపోయింది. సోమవారం గుండీల దగ్గర, ఆ మర్నాడు కాలర్ల దగ్గర, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ తనే ముందుకు పోయింది. మంగళవారం సాయంత్రం అత్తగారు గడియారం పట్టుకుంటే, గంటా యాభై నిమిషాల్లో చొక్కా మొత్తం కుట్టింది. మొగుడు వేసుకుని, చేతులు పైకెత్తి, దించి చూసుకున్నాడు. "కొన్నప్పటికంటే బాగుందే," అన్నాడు.

బుధవారం పని ముగిసే వేళకు గోడకు కాగితం అంటించి ఉంది. తీసేసినవాళ్ల పేర్లు. కాలరక్క ఉంది. చేతులమ్మ ఉంది. గుండీల పెద్దమ్మ ఉంది. జేబులమ్మ పైనుంచి కిందికి మూడుసార్లు చదివింది. తన పేరు లేదు.

సూపర్‌వైజర్ పక్కకు పిలిచాడు. "నీ గురించి నేనే గట్టిగా చెప్పానమ్మా. నలుగురి పని ఒక్కత్తే చేస్తుందన్నాను. రేపటి నుంచి ఈ వరసంతా నీదే."

"రేపొక్క పూట సెలవు కావాలి సార్."

"రేపు నువ్వు రాకపోతే నా మాట పోతుంది. దాంతోపాటు నీ పనీ పోతుంది."

తిరిగి వచ్చేసరికి కాలరక్క తన స్టూలు మీద కట్టుకున్న మెత్త విప్పుతోంది. చేతులమ్మ మొహం తిప్పుకుంది.

"అయితే నేర్చుకుంది మొగుడి చొక్కాకు కాదన్నమాట," అంది గుండీల పెద్దమ్మ.

"మీ కడుపు కొట్టాలని కాదు పెద్దమ్మా. నేనే బయటపడాలని." యూనిఫారాల చోటు, పరీక్ష, అంతా చెప్పేసింది. "ఒక్కరే కావాలన్నారు. అందుకే నోరు విప్పలేదు."

కాలరక్క మెత్తను మడిచి సంచిలో పెట్టుకుంది.

"రేపు పోతావా?" అంది.

పోతే ఇది పోతుంది. అది వస్తుందో రాదో. ఇంట్లో ఫోను వంక చూసే మనిషి, మంచం మీద అత్తగారు. జేబులమ్మ తల అడ్డంగా ఊపింది.

"అయితే ఆ చోటు ఎక్కడో చెప్పు," అంది కాలరక్క. "ఇన్నేళ్లు పక్కపక్కన కూర్చున్నాం, కాస్తో కూస్తో ఒకరి పని ఒకరం చూశాం. జేబే నేనెప్పుడూ పట్టించుకోలేదు."

గేటు మూయడానికి ఇంకా పావుగంట ఉంది. జేబులమ్మ జేబు కొలతకు కత్తిరించుకున్న, అరిగిపోయిన అట్టముక్క తీసి గుడ్డ మీద పెట్టింది. చేతులమ్మ దగ్గరకు వచ్చింది. గుండీల పెద్దమ్మ కళ్లజోడు సవరించుకుంది. కావలసింది ఒక్కరే అని ముగ్గురికీ తెలుసు.

"అట్ట చుట్టూ మడిచి గోటితో నొక్కండి. పై మూలల దగ్గర రెండుసార్లు వెనక్కి కుట్టండి. చెయ్యి పెట్టినప్పుడల్లా బరువు పడేది అక్కడే."

వెళ్తూ వెళ్తూ జేబులమ్మ ఆ అట్టను కాలరక్క సంచిలో వేసింది.

గురువారం పది గంటలకు అక్కడ పరీక్ష మొదలై ఉంటుంది. ఇక్కడ నాలుగు మిషన్ల ముందు నాలుగు కుప్పలు. జేబులమ్మ జేబు అతుకుతోంది.

"కాలర్!" అని కేకేశాడు సూపర్‌వైజర్.

అలవాటుగా కాలరక్క పలుకుతుందని ఆగింది. ఎవరూ పలకలేదు.

"ఆ సార్," అని లేచి, మెత్త లేని స్టూలు మీద కూర్చుంది. మొదటి కాలరు మూలలో దారం పెట్టి తిప్పుతుండగానే మళ్లీ వినిపించింది.

"చేతులు!"

"వస్తున్నా సార్," అంది.