కామెంటేటర్ గారి భార్య మాట్లాడతారు

కొరమీనుని బూడిదలో పొర్లించి రాయి మీద రుద్దుతున్నాను. ఫోన్ మోగింది. పొద్దుటి నుంచి అది పదకొండోసారి. చేతులు జిగురుగా ఉన్నాయని మోచేత్తో నొక్కి స్పీకర్ పెట్టాను.

"నెల్సన్ గారి ఇల్లేనా అండీ?" ఆడగొంతు.

"అవునండీ. ఆయన లేరు."

"ఆయన కాదండీ. మీరు వాళ్ళావిడేనా?"

"అవునండీ."

"ఏం లేదండీ. మీ గొంతు ఎలా ఉంటుందో విందామని చేశాను. పాపం." పెట్టేసింది.

అంతకుముందు చేసిన పదిమందీ తిట్టడానికి చేశారు. వాళ్ళకి ఏదో ఒకటి సర్ది చెప్పాను. జాలిపడింది ఈవిడొక్కతే. చేపని తిప్పి రెండోవైపు రుద్దాను.

నా పేరు సలోమి. తాడేపల్లిగూడెంలో ఒక జిరాక్స్ సెంటర్లో టైపు పని చేస్తాను. మా ఆయన నెల్సన్ ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఏలూరు నుంచి కొల్లేటి లంకల దాకా ఎక్కడ కబడ్డీ పోటీ పెట్టినా మైకు ముందు ఆయనే ఉండాలి. ఆ మైకు పక్కన ఒక స్టూలు ఉంటుంది. దాని మీద నేనుంటాను. ఆయనకి పేర్లు గుర్తుండవు. అందుకని కూతకి వెళ్ళే ప్రతి మనిషి పేరూ, ఊరూ, ఒక బిరుదూ చీటీ మీద రాసి ఆయన చేతికి అందిస్తాను. పోటీకి వారం ముందే ఆటగాళ్ళందరికీ ఫోన్లు చేసి వివరాలు కనుక్కుంటాను. "గుండుగొలను మెరుపుతీగ", "పెంటపాడు ఉక్కుపట్టు" అని ఆయన గొంతు చించుకుంటే జనం ఈలలు వేస్తారు చూడండి, ఆ బిరుదులన్నీ మధ్యాహ్నం క్యారేజీ తింటూ నేను రాసినవే. సన్మానంలో శాలువా ఆయనకి కప్పుతారు. ఇంటికొచ్చాక దాన్ని ఉతికి మడతపెట్టేది నేను.

ఇక గురువారం జరిగింది చెబుతాను.

పెంటపాడులో ఆడపిల్లల కబడ్డీ సెమీఫైనల్. గుండుగొలను జట్టులో శ్రావ్య అని ఒక అమ్మాయి ఉంది. డిగ్రీ చదువుతోంది. కూతకి వెళ్ళిందంటే ఒట్టి చేతులతో తిరిగి రాదు. ఆరోజు గీత తాకిందా లేదా అన్న విషయం మీద అంపైర్‌తో గట్టిగా వాదించింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. స్తంభాలకి కట్టిన హారన్లు టక్కున మూగబోయాయి.

మా ఆయనది హారన్ల కాలం. హారన్ మోగకపోతే మైకు చచ్చిందని ఆయన లెక్క. ఇరవై ఏళ్ళ అలవాటు అది. కానీ మా పక్కనే లైవ్ ఇస్తున్న వీడియో కుర్రాడు బాబీ పెట్టె బ్యాటరీ మీద నడుస్తోంది. ఆ పెట్టెలోకి ఆయన మైకు వైరు పోతోంది. రెండు వేలమంది ఇళ్ళల్లో ఫోన్లు పట్టుకుని చూస్తున్నారు.

ఆయన తాపీగా మంచినీళ్ళు తాగి, మూతి తుడుచుకుని అన్నారు: "ఈ పొగరుబోతు ముండని ఎవడు కన్నాడ్రా బాబూ! దీని మొహానికి కబడ్డీ ఒకటి. పేడ ఎత్తుకోక!"

నేను తర్వాతి చీటీ అందించాను.

అదీ సంగతి. శుక్రవారం తెల్లారేసరికి ఆ ముక్క ప్రతి ఫోన్లోనూ ఉంది. ఎవడో దానికి డప్పు కలిపి పాట చేశాడు. ఇంకెవడో మా ఆయన ఫొటోకి గేదె కొమ్ములు పెట్టాడు. గుండుగొలను డ్వాక్రా ఆడవాళ్ళు ట్రాక్టరెక్కి పెంటపాడు గ్రౌండుకి వచ్చి, కామెంటరీ బల్ల మీద పేడ తట్టలు పెట్టి, "ఎత్తుకోమనండి మీ కామెంటేటర్ని" అని చెప్పి చక్కగా వెళ్ళిపోయారట. మగాళ్ళు రెండు జట్లయ్యారు. టీ కొట్టు దగ్గర సగంమంది "తప్పేనండీ" అంటే, సగంమంది "ఆటలో ఏదో అన్నాడు, మనం అనమేటండీ" అన్నారు. మా షారోన్ ఇంటర్ చదువుతోంది. కాలేజీలో నువ్వు ఆయన కూతురివేనా అని అడిగితే, "లేదు, పక్కింటి వాళ్ళమ్మాయిని" అని చెప్పి వచ్చింది.

మధ్యాహ్నం షాపులో పని లేనప్పుడు ఆ వీడియో కింద కామెంట్లు చదువుతూ కూర్చున్నాను. ఒక్కటి దగ్గర ఆగిపోయాను. ఎవరో రాశారు: "మైకు ముందే ఇలా ఉంటే ఇంట్లో వాళ్ళావిడ పరిస్థితి ఏంటో?" దానికి పద్నాలుగు వందల లైకులు.

పద్నాలుగు వందలమంది ఒకేసారి నా గురించి ఆలోచించడం నా జీవితంలో అదే మొదలు. వీడియో మళ్ళీ పెట్టి చూశాను. నేనూ అందులో ఉన్నాను, సగం మొహం, ఒక చెయ్యి. ఆయన ఆ మాట అనగానే జనంలో ఒక ముసలాయన ఉలిక్కిపడి ఇటు తిరిగాడు. బాబీ నోరు తెరిచాడు. నా మొహం మాత్రం కదలలేదు. చెయ్యి ఎంచక్కా చీటీ అందించింది. పక్కనే కూర్చున్న నాకు ఆ మాట తగల్లేదు. ఎందుకు తగల్లేదా అని ఇల్లు గుర్తు చేసుకున్నాను. కూరలో ఉప్పు తగ్గితే "ఈ ముండకి ఎప్పుడు తెలుస్తుందో." గ్యాస్ అయిపోతే "మొద్దు ముండ, చూసుకోవద్దూ." షాపు నుంచి పావుగంట లేటయితే "ఊరేగొచ్చిందా ముండ." ముద్దొచ్చినా అదే. పెళ్ళైన మొదటి నెల్లో ఒకసారి ఏడ్చాను. అత్తగారు జీడిపప్పు ఉప్మా చేసి పెట్టి, "మా వాడు నోటితో అంటాడుగానీ మనసులో ఏమీ ఉండదమ్మా" అన్నారు. ఉప్మా బాగుంది. ఏడుపు మానేశాను. అప్పటి నుంచి పంతొమ్మిదేళ్ళుగా ఆ మాట మా ఇంట్లో ఫ్యాను చప్పుడులా తిరుగుతోంది.

సాయంత్రం పోటీ నిర్వాహకుడు ప్రసాదరావు గారు వచ్చారు. చెమట తుడుచుకుంటూ, "నెల్సన్ గారూ, ఆదివారం ఫైనల్. మీరు లైవ్‌లో క్షమాపణ చెప్పకపోతే మైకు వేరేవాళ్ళకి ఇచ్చెయ్యాలండీ. మళ్ళీ ఈ చుట్టుపక్కల ఎవరూ మిమ్మల్ని పిలవరు" అన్నారు. వెళ్తూ వెళ్తూ నా వైపు చూశారు. "మీరూ పక్కన కూర్చోవాలమ్మా. 'ఇంట్లో నన్ను ఏనాడూ చిన్న మాట అనలేదు' అని మీరు ఒక్క ముక్క చెప్పారనుకోండి, జనం చల్లబడిపోతారు."

ప్రసాదరావు గారు గుమ్మం దాటగానే మా ఆయన కుర్చీలో వాలిపోయారు. ఆ గొంతు తప్ప ఆయనకి ఇంకేమీ లేదు. ఆ సంగతి నాకూ తెలుసు.

"నేను చేసిన పాపం ఏంటే? ఊతపదం! నిన్ను రోజూ అంటాను. నువ్వెప్పుడైనా ఏడ్చావా?"

"లేదండీ."

"మరి! ఆ పిల్లకేం వచ్చింది?" అన్నారు. వెంటనే మామూలుగా, "ఆ క్షమాపణేదో రాసి పెట్టు. నీ ముక్క కూడా రాసుకో. బాబీ రేపు పదకొండింటికి వస్తానన్నాడు."

రాశాను. ఆయన క్షమాపణ పది నిమిషాల్లో అయిపోయింది. ఎంత బాగా వచ్చిందంటే, చదువుతుంటే ఆయన నిజంగా బాధపడుతున్నట్టే ఉంది. నా ముక్క దగ్గర పెన్ను ఆగింది. 'ఏనాడూ' అని రాసి కొట్టేశాను. 'ఎప్పుడూ' అని రాశాను. అది నిజమే గానీ, దాని తర్వాత 'అనలేదు' అని రాయాలి.

శనివారం పదకొండింటికి బాబీ వచ్చి ముందుగదిలో ఫోన్ స్టాండు నిలబెట్టాడు. రికార్డు చేసి పెట్టకూడదా అని మా ఆయన అడిగితే, "ఎడిటింగ్ అంటారు సార్. లైవే మంచిది" అన్నాడు. ఆయన ఇస్త్రీ చొక్కాలో కూర్చున్నారు. నేను పక్కన. షారోన్ గోడకానుకుని నిలబడింది. అత్తగారు వంటింటి గుమ్మంలో పీట వేసుకున్నారు.

చూసేవాళ్ళ లెక్క ఎక్కుతోంది. మూడు వేలు, ఐదు వేలు, తొమ్మిది వేలు. ఆయన నేను రాసింది చదివారు, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ గొంతు జీరబోవాలో అక్కడ జీరబోయి. కామెంట్లు మెత్తబడ్డాయి. 'పోనీలెండి సార్' అని ఒకటి, చేతులు జోడించిన బొమ్మలు నాలుగు.

"ఇప్పుడు కామెంటేటర్ గారి భార్య మాట్లాడతారు" అన్నాడు బాబీ.

అందరికీ నమస్కారం అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇన్నేళ్ళు మైకు పక్కన కూర్చున్నాను గానీ దానిలోకి ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఆయన ఇంట్లో ఎలా మాట్లాడతారని అందరూ అడుగుతున్నారండీ. ఇలాగే మాట్లాడతారు. ఆ మాటే."

మా ఆయన మోకాలు నా మోకాలికి తగిలింది. నేను జరిగి కూర్చున్నాను.

"గురువారం నేను పక్కనే ఉన్నాను. జనం ఉలిక్కిపడ్డారు. నేను పడలేదు. రోజూ వినేదే కదండీ, ఏమీ అనిపించలేదు. శ్రావ్యా, నీకు అనిపించింది చూడు, అది సరైన పద్ధతి. పక్కనే ఉండి ఊరుకున్నందుకు నా తరఫున నేను సారీ చెబుతున్నానమ్మా. ఆయన సారీ ఆయన చెప్పారు. కాకపోతే, అది కూడా నేనే రాశాను."

బాబీ లైవ్ ఆపడం మర్చిపోయాడు. మా ఆయన కళ్ళు తెరపైన కామెంట్ల మీదే ఉన్నాయి. ముందు ఏమీ రాలేదు. తర్వాత ఒకటి: 'మా ఇంట్లోనూ అదే మాట అక్కా.' ఇంకొకటి. ఆ తర్వాత చదవడానికి వీల్లేనంత జోరుగా పైకి పరుగెత్తాయి.

అప్పుడు వంటింటి గుమ్మంలోంచి అత్తగారి గొంతు, లైవ్‌లో, స్పష్టంగా: "నీదే నయం. మీ మామగారు నన్ను పేరుపెట్టి పిలిచింది పెళ్ళినాడు పాస్టరు గారు చెప్పమంటేనే!"

షారోన్ ఫక్కున నవ్వింది. నేనూ ఆపుకోలేకపోయాను. పదకొండు వేలమంది ముందు మేము ముగ్గురం నవ్వుతుంటే మధ్యలో మా ఆయన ఇస్త్రీ చొక్కాతో బిగుసుకుని కూర్చున్నారు.

బాబీ వెళ్ళాక ఆయన నా వైపు చూడలేదు. "నా నోరు మూయించేశావు. రేపటి నుంచి ఇంట్లో కూర్చుంటాను, పండగ చేసుకో" అన్నారు గోడతో. అప్పుడే ప్రసాదరావు గారి ఫోన్. స్పీకర్లో పెట్టారు.

"నెల్సన్ గారూ, మేము వేరే ఆయన్ని మాట్లాడాం గానీ ఆ శ్రావ్య ఒప్పుకోవడం లేదండీ. మీరే ఉండాలంట. తను కూతకెళ్ళిన ప్రతిసారీ ఊరుతో, ఇంటిపేరుతో సహా చెప్పాలంట. లేకపోతే జట్టు దిగదంట."

మా ఆయన "సరేనండీ" అన్నారు. ఫోన్ పెట్టేసి, అలవాటుగా నాకేసి చెయ్యి చాపారు. "అందరి ఇంటిపేర్లూ కనుక్కోవాలి. ఆ అమ్మాయిల నంబర్లు ఇలా ఇవ్వు... కాదు, నువ్వే ఫోన్ చేసి..."

"నంబర్లు ఇస్తానండీ. చేసేది మీరే" అన్నాను. "రేపు నేను ఆట చూడ్డానికి వస్తున్నాను."

ఏదో అనబోయి, షారోన్ మొహం చూసి మింగేశారు. నాలుగింటికి అరుగు మీద కూర్చుని మొదలుపెట్టారు. రెండు జట్లు, ఇరవై నాలుగుమంది. వంటింట్లోకి ఆయన గొంతు ఇరవై నాలుగుసార్లు వినపడింది. "అమ్మా, నేను నెల్సన్ మాస్టార్ని... అవునమ్మా, ఆ నెల్సన్నే... అవునమ్మా, వాడినే." ఒకమ్మాయి వాళ్ళ నాయనమ్మ ఫోన్ అందుకుని ముప్పావుగంట వదల్లేదు. అత్తగారు ఆయనకి మజ్జిగ ఇచ్చి వచ్చి, "చెవి ఎర్రబడిపోయింది వాడికి" అన్నారు సంతోషంగా.

ఆదివారం చర్చి అయ్యాక పెంటపాడు వెళ్ళాం. నేనూ షారోనూ గ్యాలరీలో మూడో మెట్టు మీద కూర్చున్నాం, వేరుశెనగకాయల పొట్లంతో. అక్కడి నుంచి గ్రౌండు మొత్తం కనిపిస్తుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. నేను చూసిందల్లా చీటీలూ, ఆయన మోచెయ్యీ.

శ్రావ్య గీత దగ్గరికొచ్చి నడుం వంచి మట్టి తాకింది. హారన్లలో ఆయన గొంతు లేచింది. ఊరు చెప్పారు. ఇంటిపేరు చెప్పారు. పేరూ చెప్పి, బిరుదు దగ్గర అలవాటుగా ఖాళీ స్టూలు వైపు చెయ్యి చాపి తడబడ్డారు. ఆగిపోయారు. గ్రౌండంతా ఆయన వైపు తిరిగింది.

"అమ్మా, నాన్న నీకేసి చూస్తున్నాడు" అంది షారోన్ నన్ను పొడుస్తూ.

"చూడనీ" అన్నాను. శ్రావ్య కూతకి బయలుదేరింది. నేను లేచి నిలబడి, రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాను.